లోవలక్ష్మి వేలిముద్ర

మెషీను ఆ పిల్లను ఒప్పుకోలేదు.

బొటనవేలు పెట్టింది, ఎర్ర లైటు వెలిగింది. చున్నీకి తుడుచుకుని మళ్లీ పెట్టింది, మళ్లీ ఎరుపే. చూపుడువేలు, ఉంగరంవేలు, కుడిచెయ్యి, ఎడమచెయ్యి అన్నీ అయిపోయాయి. వెనక లైను వరండా దాటి మెట్ల మీదికి పాకింది. మే నెల, నర్సీపట్నం ఎండ, నెత్తిన రేకులు. పీజీలు చదివిన పిల్లలు రేషను షాపు ముందు నిలబడ్డట్టు నిలబడి చెమటలు కక్కుతున్నారు.

"ఏటి లోవా, ఆధార్ తీసినపుడు నీ ఏలే పెట్టావా, పక్కోల్లదేటి?" అన్నాడు వెనకనుంచి ఎంకాం స్టీవెన్.

"నీ బుర్ర పెట్టాను. అందుకే పడట్లేదు," అంది లోవలక్ష్మి వెనక్కి తిరక్కుండానే.

అందరూ నవ్వారు. మెషీను పక్కన నిలబడ్డ కరుణకుమారి నవ్వలేదు. ఆమె ఆ పిల్ల వేళ్ల కొసలు చూస్తోంది. నల్లగా, నున్నగా, అరిగిపోయిన చెప్పు అడుగులా ఉన్నాయి. గీత అన్నదే లేదు. కరుణకుమారి ఆ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్, కాంట్రాక్టు మీద. ఆ నలుపేమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. జీడిపిక్క పెంకులోంచి కారే నూనె అది. చర్మం మీద పడితే పొర తరవాత పొర కాల్చుకుంటూ పోతుంది. ఆ నూనెలో ఏమేం ఉంటాయో రెండేళ్లకిందట బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పింది తనే. ముందు బెంచీలో కూర్చుని ఆ బొమ్మలన్నీ రాసుకున్న పిల్ల, తెల్లారగట్ల అదే నూనెలో చేతులు పెట్టి క్లాసుకి వస్తోందని మాత్రం తెలియలేదు.

"ఎప్పట్నుంచి వెళ్తున్నావు పిక్కల పనికి?" అని మెల్లగా అడిగింది.

"టెంతు నుంచండి. మా అమ్మ పక్క బల్లే."

ఎమ్మెస్సీ ఆర్గానిక్‌లో క్లాసు ఫస్టు వచ్చిన పిల్ల. ఆ మాట చెప్పేటప్పుడు సిగ్గు పడలేదు, గొప్పా పోలేదు. ఎండగా ఉంది అన్నట్టు చెప్పింది.

ఈ వేసవి బడి సంగతి కాస్త చెప్పుకోవాలి. పదిహేడేళ్లు చదివించి, పరీక్షలు పెట్టించి, ఫీజులు కట్టించుకుని, చివరికి పిల్లల చేతిలో డిగ్రీ పెట్టాక, వీళ్లకి నైపుణ్యం లేదు అని ఎవడో ఏసీ గదిలో కూర్చుని కనిపెట్టాడు. ఉద్యోగాలు లేవు అనడం కన్నా నైపుణ్యం లేదు అనడం తేలిక. తప్పు పిల్లల మీదికి పోతుంది. సరే, లేని నైపుణ్యం వేసవి సెలవుల్లో పోసేద్దాం అని ఒక స్కీము పెట్టారు. విశాఖపట్నంలో ఒక ఏజెన్సీ దాన్ని పట్టుకుంది. ఆ ఏజెన్సీ చుట్టూ తిరిగి, మా పిల్లలు బస్సెక్కి విశాఖ రాలేరండీ, ఇక్కడే పెట్టండీ అని బతిమాలి, ఆ సమ్మర్ స్కూలుని నర్సీపట్నం తెచ్చింది కరుణకుమారి. కోర్సు చివర్లో ఒక మందుల కంపెనీ వచ్చి ఇంటర్వ్యూలు చేస్తుందని ఏజెన్సీ మాటిచ్చింది. ల్యాబులో ఉద్యోగాలు. ఆ మాట వినే కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోల్లో, ఎస్. రాయవరం నుంచి బస్సుల్లో పిల్లలు వచ్చి పడ్డారు.

ఏజెన్సీ పంపిన ట్రైనర్ గోపీకృష్ణ. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు, ఎప్పుడూ పక్క మీదనుంచి అప్పుడే లేచినట్టుండే మొహం. చెడ్డవాడు కాదు. వాడిదీ కాంట్రాక్టే.

"తంబ్ పడకపోతే అటెండెన్స్ పడదు మేడం," అన్నాడు. "అటెండెన్స్ లేకపోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే కంపెనీ ముందు నేను కూర్చోబెట్టలేను."

"మనిషి ఎదురుగా నిలబడి ఉంది కదయ్యా."

"నాకు కనిపిస్తోంది మేడం. సర్వర్‌కి కనపడాలిగా."

"మొహం చూసి పట్టేసే మెషీన్లు వచ్చాయంట కదా?"

"వచ్చాయండి. మన స్కీముకి రాలేదు." ట్యాబు మీద చెమట తుడుచుకుని, గొంతు తగ్గించాడు. "ఒకటే దారి మేడం. ఆ పని మాన్పించండి. వేళ్లు మానితే గీతలు వాటంతటవే వస్తాయి. ఇదివరకు సున్నం పనికి వెళ్లే అబ్బాయికి వచ్చాయి. మొదట్లో పోయిన రోజులు మెడికల్ కింద నేను సర్దుతాను."

కరుణకుమారికి అది న్యాయంగానే తోచింది. ఆలోచిస్తే ఇంకా మంచిదే అనిపించింది. ఆ పిల్లని ఆ బల్ల మీదనుంచి లేపడానికి ఇంతకన్నా సాకేం కావాలి?

ఆ సాయంత్రమే బలిఘట్టం వెళ్లింది. లోవలక్ష్మి తల్లి అప్పాయమ్మ గుమ్మం ముందు కూర్చుని చేతులకి బూడిద రాసి రుద్దుకుంటోంది. లేవబోయింది. వద్దని కరుణకుమారి పక్కనే అరుగు మీద కూర్చుంది.

"సదువు అయిపోయిందన్నారు గదండి. మల్లా ఇదేం సదువండి?" అంది అప్పాయమ్మ.

"ఇది చదువు కాదు అప్పాయమ్మగారూ, ట్రైనింగు. ఉద్యోగం రావడానికి."

"మరా సదువు దేనికండి?"

దానికి జవాబు తెలిస్తే కరుణకుమారి కాంట్రాక్టు మీద పదకొండో ఏడు ఎందుకు పని చేస్తుంది? మెషీను సంగతి చెప్పింది. వేళ్ల సంగతి చెప్పింది. మందుల కంపెనీ సంగతి మాత్రం బాగా చెప్పింది. తెల్ల కోటు, ల్యాబు, పీఎఫ్, కంపెనీ బస్సు.

అప్పాయమ్మ అంతా విని, "బల్ల ఒగ్గేస్తే మల్లీ దొరకదండి," అంది. "సీజన్లో గేటు కాడ కాసుక్కూకుంటారు ఆడోల్లు. మా ఆడపడుచు కూతురే ఉంది వరసలో. నా పిల్ల లేస్తే సాలు, బేగి కూకుండిపోద్ది."

"అమ్మా, మేడం అంతిదిగా సెప్తున్నారు," అంది లోవలక్ష్మి లోపలనుంచి. "ఈ సెలవులేనే."

"నువ్వూరుకోయే. మేడంగారూ, మీరు సెప్పండి. ఉద్యోగం ఒస్తాదా?"

వస్తుందని ఎవరు చెప్పగలరు? నిజానికి కరుణకుమారి, ఇంటర్వ్యూ వస్తుంది అని మాత్రమే చెప్పాలి. కానీ ఆ అరుగు మీద, ఆ బూడిద చేతుల ముందు, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాది పూచీ," అంది.

అప్పాయమ్మ సరేనని తల ఊపింది. పూచీ అన్నాక ఆ ఇళ్లలో ఇంక మాట ఉండదు.

పిక్కలు కొట్టే ఆ ఫ్యాక్టరీ ఎవరిదో కాదు, కాలేజీ కరస్పాండెంటు మన్మథరావుదే. తుని రోడ్డులో జీడిపప్పు ఫ్యాక్టరీ, ఊళ్లో పీజీ కాలేజీ. పప్పు మీద వచ్చింది కాలేజీలో పెట్టాడని కొందరు, కాలేజీ మీద వచ్చింది పప్పులో పెట్టాడని కొందరు అంటారు. కరుణకుమారి వెళ్లి అడిగితే చాలా మంచిగా మాట్లాడాడు.

"ఎల్లనీండమ్మా. మన కాలేజీ పిల్ల పైకొస్తే మనకే పేరు గదా. బల్ల మాత్రం కాలీగా ఉంచలేను. సరుకు వచ్చి పడతంది."

"అక్కర్లేదండి. ఆ పిల్లకి మళ్లీ ఆ బల్లతో పని పడదు," అంది కరుణకుమారి. ఆ మాట అన్నప్పుడు ఆమెకి చాలా సంతోషం వేసింది.

బడి నడిచింది. పొద్దున్నపూట గోపీకృష్ణ సాఫ్ట్ స్కిల్స్ చెప్పేవాడు. కరెంటు ఉంటే ప్రొజెక్టరు, పోతే నోటితో. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అంటే ఏం చెప్పాలో అందరికీ ఒకే ముక్క ఇచ్చాడు. ఐయాం ఎ హార్డ్ వర్కర్ అని అందరూ ఒకే గొంతుతో చదివారు. చెరుకు నరికి వచ్చినవాడూ అదే, పిక్కలు కొట్టి వచ్చిందీ అదే. హార్డ్ వర్క్ అంటే ఏమిటో వాళ్లకి ట్యాగు వేసుకున్నవాడు నేర్పాలా? నేర్పాడు. వాళ్లు నేర్చుకున్నారు.

"షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వాలి. కళ్లలోకి చూడాలి," అన్నాడు ఒకరోజు.

"సార్, మా ఊర్లో కల్లలోకి సూస్తే తంతారండి," అన్నాడు స్టీవెన్.

"ఇంటర్వ్యూలో తన్నరు."

"అయితే అక్కడే బాగున్నట్టుందండి."

మధ్యాహ్నాలు కరుణకుమారివి. స్కీములో లేకపోయినా ల్యాబు తాళం తీయించి, ఉన్న సామాను దుమ్ము దులిపి, కంపెనీ ల్యాబుల్లో ఎలా పనిచేస్తారో అలా చేయించేది. శాంపిల్ ఎలా తీయాలి, కొట్టేసిన అంకె పక్కన సంతకం ఎందుకు పెట్టాలి, తూకం ముందు తలుపెందుకు మూయాలి. లోవలక్ష్మి చేతికి పని అంటుకునేది. బ్యూరెట్ పట్టుకుంటే చుక్క తరవాత చుక్క, వణుకు లేకుండా. పప్పు విరక్కుండా పిక్క ఒలిచే చెయ్యి. ఇది ల్యాబుకి పుట్టిన చెయ్యి అనుకునేది కరుణకుమారి. దాన్ని అంతకాలం కాల్చుకుతిన్నారే అనుకునేది.

"మేడం, కంపెనీలో కూకుని పని సేస్తారాండి, నిలబడా?" అని ఒకరోజు అడిగింది లోవలక్ష్మి.

"నిలబడే. ల్యాబు బల్లలు ఎత్తుగా ఉంటాయిగా. ఏం, కాళ్లు నొప్పులా?"

"కాదండి. నిలబడి సేసే పని కావాలని నాకెప్పట్నుంచో." అని నవ్వింది. "మోకాళ్లు గెడ్డానికి ఆనించుకుని కూకుంటే, ఆకలేసేది కూడా తెలీదండి."

ఒక పొద్దున మెషీను మీద బొటనవేలు పెడితే ఆకుపచ్చ లైటు వెలిగింది. లోపలినుంచి ఆడగొంతు ధన్యవాదాలు అంది. వరండా అంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. లోవలక్ష్మి వేలు కళ్ల దగ్గర పెట్టుకుని, కొత్త ఉంగరం చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మేడం, నేనున్నానంటండి," అంది. కరుణకుమారి కళ్లు తుడుచుకుని, పదపద, లైను ఆగిపోయింది అని కసిరింది.

సరిగ్గా ఇంటర్వ్యూల వారంలో గోపీకృష్ణ స్టాఫ్ రూములోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూలబడ్డాడు.

"వాళ్లు రావట్లేదు మేడం."

"ఎవరు?"

"కంపెనీ. రిక్వైర్‌మెంట్ క్లోజ్ అయిపోయిందంట. విశాఖలోనే కావలసినంతమంది దొరికారంట."

"ఎప్పుడు చెప్పారు నీకు?"

గోపీకృష్ణ ట్యాగు తాడు వేలికి చుట్టుకున్నాడు. "మా ఆఫీసుకి ముందే తెలుసు. నాకు ఇవాళ చెప్పారు. బడి మధ్యలో చెబితే పిల్లలు మానేస్తారని."

కరుణకుమారికి ఒక మాట అనడానికి ఎదురుగా మనిషి లేడు. ఏజెన్సీ ఒక ఫోను నంబరు, కంపెనీ ఒక ఈమెయిలు, స్కీము ఒక మెషీను. తిట్టడానికి దొరికింది ఈ ట్యాగు కుర్రాడు ఒక్కడే. వాణ్ణి తిట్టి లాభం ఏమిటి?

"వేరే కంపెనీ చూడు," అంది.

"చూశాను. ఒకళ్లు అనుభవం ఉండాలంటారు, ఒకళ్లు అబ్బాయిలే కావాలంటారు. మేడం, అసలు సంగతి అది కాదు. నెలాఖరుకి ప్లేస్‌మెంట్లు చూపించకపోతే సెంటరే రద్దు. సెంటర్ రద్దయితే ఒక్కళ్లకీ సర్టిఫికెట్ రాదు. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లందరిదీ పోతుంది." ఆగి, "సార్ పిలుస్తున్నారు మిమ్మల్ని," అన్నాడు.

మన్మథరావు గదిలో ఏసీ చల్లగా ఉంది. బల్ల మీద ప్లేటులో వేయించిన జీడిపప్పు ఉంది.

"తీసుకోండమ్మా. ఏటి, మొకం అలగ ఎట్టారు? కంపెనీ ఒక్కటేనేటి లోకంలో? నేను లేనా?"

"మీరంటే?"

"నాది ఇండస్ట్రీ కాదేటమ్మా? జీఎస్టీ కడతన్నాను. అందరికీ లెటర్లిచ్చేస్తాను. ప్రొడక్షన్ ట్రైనీ. పేరు బాగుంది గదా?"

"వాళ్లు పీజీలండీ."

"అయితే? పీజీలకి పిక్కలు సేదా?" అని నవ్వి, ప్లేటు ఇటు జరిపాడు. "ఎవలూ సేరక్కర్లేదమ్మా. కాయితమే. ఏజెన్సీ బుక్కులో నూటికి నూరు పడతాది, మీ పిల్లలకి సర్టిఫికెట్లొస్తాయి, మన కాలేజీ పేరు పేపర్లో పడతాది. ఎవలికేటి నష్టం? మీరే సెప్పండి."

ఇది అబద్ధం కదండీ అంది కరుణకుమారి. అబద్ధమైతే మీరు చెప్పిన కంపెనీ నిజమేటి అని ఆయన మెత్తగా అడిగాడు. వెంట వచ్చిన గోపీకృష్ణ నేల చూస్తున్నాడు. సెంటరు కోఆర్డినేటరుగా ఆమె ఆ లెటర్ల జాబితా కింద సంతకం పెట్టకపోతే పిల్లల చేతిలో ఆ ముక్క కూడా ఉండదు. పెడితే కనీసం ఆ సర్టిఫికెట్ పట్టుకుని లోవలక్ష్మి ఇంకోచోటికి వెళ్లచ్చు. మనసుకి చెప్పుకోవడానికి ఒక్క కారణం దొరికితే చాలు, చెయ్యి దానంతటదే కదులుతుంది. కోఆర్డినేటర్ అన్నచోట సంతకం పెట్టేసింది. పిల్లల్ని ఒక్క మాట అడగాలని తట్టలేదు. వాళ్ల మంచికే కదా అనుకుంది.

ముగింపు సభ బాగా చేశారు. ఫ్లెక్సీ, శాలువాలు, కూల్‌డ్రింకులు. కవర్లు పంచారు. స్టీవెన్ లెటరు చదివి, "సార్, నాకు జీడిపప్పు పడదండి, దద్దుర్లొస్తాయి," అన్నాడు. జనం విరగబడి నవ్వారు. మన్మథరావు కూడా నవ్వాడు. కొందరు ఆ కవర్లతో విసురుకున్నారు. వాళ్లకి ఇలాంటివి అలవాటే. ఈ వయసుకే అలవాటైపోవడం ఎంత దరిద్రమో ఆ సభలో ఎవరికీ పట్టలేదు.

లోవలక్ష్మి మాత్రం నిలబడి రెండుసార్లు చదివింది. కరుణకుమారి దగ్గరికి వచ్చింది.

"ఇది మా ఫ్యాక్టరీయేనండి," అంది.

"ఉత్త కాగితమేనమ్మా. ఎవరూ చేరక్కర్లేదు. ఈ సర్టిఫికెట్ పట్టుకుని మనం వేరేచోట చూద్దాం."

"మరా మందుల కంపెనీ?"

"రావట్లేదు లోవా."

ఆ పిల్ల ఏడవలేదు. కవరు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. "మా అమ్మకేటి సెప్పమంటారండి?" అంది.

"నేను వచ్చి చెప్తాను."

"ఒద్దులెండి. నేనే సెప్పుకుంటాను."

తరవాత లోవలక్ష్మి ఆ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగింది. అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడింది. ఒక గేటు దగ్గర వాచ్‌మన్ సర్టిఫికెట్ జిరాక్సు తీసుకుని, ఫోన్ చేస్తామమ్మా అన్నాడు. ఒకచోట అనుభవం ఎంతన్నారు. ఒకచోట హాస్టల్లో ఉండాలి, డిపాజిట్ కట్టాలన్నారు. ఇంట్లో ఒక్క అప్పాయమ్మ చేతుల మీద నడిచే పొయ్యి ఎన్నాళ్లు ఆగుతుంది? ఒక పొద్దున తల్లి వెనకాలే తుని రోడ్డు ఫ్యాక్టరీకి వెళ్లి, ఏదో ఒక బల్ల ఇమ్మని అడిగింది.

అప్పుడు పడింది అసలు దెబ్బ. ఆ దెబ్బ సంగతి చెప్పడానికి అప్పాయమ్మ స్వయంగా కాలేజీకి వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది. కరుణకుమారి లోపలికి రమ్మంటే రాలేదు.

"నా పిల్ల కూలీ కాదంటండి, టయినీ అంటండి," అంది. "కూలీలయితే కొట్టిన పప్పుకి కిలో లెక్కన ఇస్తారు. టయినీలకి నెలకింతని ఇస్తారంట. మాకొచ్చిందాంట్లో సగం లేదండది. అదీ ఏడాది దాకా."

"ట్రైనీగా చేరొద్దు. మామూలు కూలీగానే రాయమనండి."

"అన్నామండి. పేరు గవర్నమెంటు కంప్యూటర్లో ఎక్కిపోయిందంట. ఒక మనిషిని రెండు పేర్ల మీద ఎలగ రాస్తామంటన్నారు." అప్పాయమ్మ గొంతు పెంచలేదు. "మీరు పూచీ అన్నారని ఒగ్గేసానండి. అంతే. మల్లీ ఏటీ అననండి మిమ్మల్ని."

కరుణకుమారి ఆ కాళ్లతోనే మన్మథరావు గదికి వెళ్లింది. ఈసారి కూర్చోలేదు.

"కాగితమే అన్నారు కదండీ. ఎవరూ చేరక్కర్లేదన్నారు."

"సేరక్కర్లేదనే అన్నానమ్మా. సేరొద్దనలేదు. తనే ఒచ్చి సేరతానంది."

"పాత పద్ధతిలో రాసుకోండి. ఆ పేరు తీసేయండి."

"తీసేస్తే ప్లేస్‌మెంటు పోయినట్టే గదా. రేపు స్కీమోల్లొచ్చి, ఎవలు సేరారని అడిగితే సూపించుకోడానికి ఒక్క మనిషుంది. నిజంగా పని సేస్తున్న ట్రైనీ. అదీ తీసేస్తే మొత్తం దొంగ లెక్కని తేలిపోద్ది. కింద సంతకం ఎవలిదమ్మా?" చేతులు తుడుచుకున్నాడు. "మీ రెన్యువల్ కాయితాలు కూడా ఈ వారమే పంపాల. నేనసలు మీ గురించే ఆలోచిస్తున్నాను."

ఇలాంటి మాట విన్నాక కుర్చీ ఎత్తి కొట్టాలి. కరుణకుమారి కొట్టలేదు. కాంట్రాక్టు మనిషి చేతులకి పదేళ్లలో వచ్చే జబ్బు అదే, అవి లేవవు. బయటికి వచ్చింది. వరండాలో గోపీకృష్ణ ఎదురుపడి, మొహం వెలిగిపోతుండగా, "మేడం, వచ్చే ఏడుకి కూడా మన సెంటరుకే ఇచ్చారు. నూటికి నూరు ప్లేస్‌మెంటు అని," అన్నాడు. ఆమె వాణ్ణి దాటుకుని రోడ్డెక్కి, ఆటో ఎక్కి, తుని రోడ్డు అని చెప్పింది.

ఫ్యాక్టరీ షెడ్డులో పొగ, వేడి, కళ్లు మంటలు. వరసగా ఆడవాళ్లు. కాలితో పెడలు తొక్కుతారు, పెంకు విరుగుతుంది, సన్న పుల్లతో పప్పు పైకి తీస్తారు. ఎక్కడా ఆగదు. ఆ వరసల మధ్య చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచింది. అప్పాయమ్మ చూసింది, చూసి మళ్లీ తల వంచుకుంది. ఆమె పక్క బల్ల దగ్గర ఎవరో కొత్త పిల్ల ఉంది. లోవలక్ష్మి చివర గోడవార బల్ల ముందు, పొట్టి పీట మీద ఉంది.

"ఎమ్మెస్సీ, పిక్క ఎగిరిపోతంది సూడు. ఇంగిలీసులో పిలువే, ఒచ్చెత్తాది," అంటోంది ఒక ముసలామె.

"నువ్వు పిలువు పెద్దమ్మా. నీ మాటయితే బయపడి ఒస్తాది," అంది లోవలక్ష్మి. అంటూ తల ఎత్తి కరుణకుమారిని చూసింది.

చేతులు దాచుకోలేదు. దాచుకుంటే పని ఆగుతుంది. వేళ్ల మీద పొక్కులు. కొన్ని చితికి లోపలి ఎరుపు కనిపిస్తోంది. దాని మీద ఆముదం, ఆముదం మీద బూడిద.

"ఇదేమిటే? ముందెప్పుడూ ఇలా లేవు కదా," అంది కరుణకుమారి.

"కొత్త తోలు గదండి. మీ బళ్లో మానిపోయాయి గదా, మెత్తబడిపోయాయి. పాత తోలయితే జీడి నూనె ఇంతలాగ కాల్చేది కాదు. మల్లీ కాయలు కాసేదాకా ఇంతే." మాట్లాడుతూనే పుల్లతో పప్పు తీసి పక్కన పడేసింది. విరిగింది. విరిగినదాన్ని చూసి పళ్లు బిగించింది. "ముక్కయితే కోత ఏస్తారండి. టయినీలక్కూడా."

ముసలామె కొంగుతో మొహం తుడుచుకుని, "ఊరుకోవే, రేతిరికి మా ఇంటికి రా, ఎన్న రాస్తాను," అంది. ఇందాకటి ఎగతాళి గొంతు కాదది.

కరుణకుమారి వంగి, "నువ్వు రేపట్నుంచి రాకు లోవా. కలెక్టరాఫీసుకి రాస్తాను. సంతకం నాదే కాబట్టి నేనే రాస్తాను, అంతా దొంగ లెక్కని. నా ఉద్యోగం పోతే పోనీ," అంది. నిజంగానే అంది. ఆ క్షణంలో రాసేదే.

లోవలక్ష్మి కాలు ఆపింది. మొదటిసారి ఆపింది.

"రాస్తే ఏటవుతాదండి?"

"విచారణ చేస్తారు."

"సేస్తే సర్టిఫికెట్లన్నీ దొంగవంటారు. స్టీవెన్ది, అందరిదీ. ఈ బల్ల కూడా పోద్ది. మా అమ్మ బల్ల పోద్ది. మీదీ పోద్ది." వేళ్లు చూసుకుంది, కోపం లేకుండా. "ఒద్దు మేడం. మీరు మంచోరే. మీరు మెషీను కాడ మాటాడారు, బల్ల పోయింది. మా అమ్మతో మాటాడారు, సేతులు పోయాయి. సార్‌తో మాటాడారు, కూలి పోయింది. నా గురించి ఇంక ఎవలితోటీ మాటాడకండి."

కరుణకుమారి నిలబడే ఉంది. షెడ్డు అంతా పెంకులు విరిగే చప్పుడు. ఒకడు తట్ట తెచ్చి లోవలక్ష్మి ముందు కుమ్మరించి వెళ్లాడు. ఆ పిల్ల చేతులకి ఇంకాస్త బూడిద అద్దుకుని, కాలు మళ్లీ పెడలు మీద పెట్టింది.

"మేడంగారూ, పని టైమండి," అన్నాడు సూపర్‌వైజరు వెనకనుంచి, మర్యాదగానే.

కరుణకుమారి బయటికి వచ్చింది.